గడియారానికి జ్వరం... గ్రిడ్డుకు గండం

ఉపగ్రహ సంకేతాలతో నడిచే కాలమాపకాల హెచ్చరికలను నిర్లక్ష్యం చేస్తే ఫోన్లకు, విద్యుత్తుకు, మార్కెట్లకు చిక్కే

న్యూఢిల్లీ: సెల్‌ఫోన్ టవర్ల కింది గదుల్లో, విద్యుత్ సబ్‌స్టేషన్ల కంట్రోల్ రూముల్లో, స్టాక్ ఎక్స్ఛేంజీల కంప్యూటర్ హాళ్లలో ఒక మూల ఇనుప చట్రానికి బిగించిన చిన్న పెట్టె కనిపిస్తుంది. దాని వెనుక నుంచి బయలుదేరిన తీగ మేడ మీది యాంటెన్నాకు చేరుతుంది. అమెరికాకు చెందిన జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలను అందుకుని, వాటికి అనుగుణంగా తన లోపలి గడియారాన్ని సరిదిద్దుకుంటూ, చుట్టూ ఉన్న యంత్రాలన్నిటికీ సెకనులో పది లక్షల వంతు తేడా రాకుండా కాలం చెప్పడం ఈ పెట్టె పని. అది సక్రమంగా పనిచేస్తున్నంత కాలం ఎవరికీ గుర్తుకు రాదు. దాని ముఖాన పసుపు దీపమో, ఎర్ర దీపమో వెలిగిన తర్వాత కూడా చాలాచోట్ల అదే పరిస్థితి.

ఇందుకు కారణం లేకపోలేదు. హెచ్చరిక దీపం వెలిగాక కూడా ఆ గడియారం కొన్ని గంటలపాటు, ఒక్కోసారి కొన్ని రోజులపాటు సరైన కాలాన్నే చూపుతుంది. టైము సరిగానే ఉన్నప్పుడు దీపం గురించి కంగారెందుకని సిబ్బంది అనుకుంటారు. ఉపగ్రహాల ఆసరా పోయి, గడియారం కేవలం తన జ్ఞాపకశక్తి మీద నెట్టుకొస్తున్న సంగతి బయటపడేసరికి ఫోన్ల నెట్‌వర్కులో అంతరాయాలు మొదలై ఉంటాయి. ఆ మధ్య వ్యవధిలో పెట్టె చెప్పే రెండు మూడు అంకెలను చదవగలిగితే నష్టాన్ని ముందే నివారించవచ్చు. ఆ అంకెల్లో ముఖ్యమైనది ఉష్ణోగ్రత.

మైక్రో సెకనుతో ఏం పని?

సెకనులో పది లక్షల వంతును మైక్రో సెకను అంటారు. సామాన్య జీవితంలో దానితో పని లేకపోయినా మనం వాడే సేవలకు అది ప్రాణప్రదం. 5జీలోనూ, 4జీలో ఒక రకంలోనూ ఒకే పౌనఃపున్యాన్ని టవర్లు వంతులవారీగా వాడుకుంటాయి. కొంతసేపు టవరు పలుకుతుంది, కొంతసేపు ఫోన్లు పలుకుతాయి. ఇరుగుపొరుగు టవర్లన్నీ ఏకకాలంలో వంతు మార్చుకోవాలి. ఇందుకు అనుమతించిన తేడా అటూ ఇటూ 1.5 మైక్రో సెకన్లు మాత్రమే. ఒక టవరు గడియారం ఆ హద్దు దాటితే, పక్క టవరు ఫోన్ల మాట వినవలసిన క్షణంలో ఇది బిగ్గరగా పలుకుతుంది. తప్పు ఒకరిదైతే నెట్‌వర్కు అందని బాధ పొరుగువారిది.

విద్యుత్ రంగంలో మన కరెంటు సెకనుకు 50 ఆవృతాలు తిరుగుతుంది. దూరదూరాన ఉన్న సబ్‌స్టేషన్లలో ఒకే క్షణాన ఆ ఆవృతం ఏ దశలో ఉందో కొలిచి పోల్చితే గ్రిడ్డు మీద పడుతున్న ఒత్తిడి తెలిసిపోతుంది. గడియారంలో ఒక్క మైక్రో సెకను తేడా వస్తే ఈ కొలతలో 0.018 డిగ్రీల తప్పు వస్తుంది. తేడా 32 మైక్రో సెకన్లకు చేరితే కొలతకు అనుమతించిన ఒక శాతం దోషం పూర్తిగా గడియారం ఖాతాకే జమ అవుతుంది.

2012 జులై 30, 31 తేదీలలో ఉత్తరాది గ్రిడ్డు వరుసగా రెండుసార్లు కుప్పకూలింది. రెండోనాడు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా దానితోపాటు పడిపోయాయి. దక్షిణాది గ్రిడ్డు అప్పటికి మిగతా దేశంతో ఒకే లయలో కలిసిలేనందున మన ప్రాంతానికి ఆ చీకటి రాలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణాది కూడా జాతీయ గ్రిడ్డులో చేరింది. ఇప్పుడు రామగుండం జనరేటరూ, పంజాబులోని జనరేటరూ ఒకే లయకు కట్టుబడి తిరుగుతున్నాయి. అందుచేత ఎక్కడ లయ తప్పుతోందో కనిపెట్టే గడియారాల బాధ్యత కూడా పెరిగింది.

ప్రమాదం జరిగాక దర్యాప్తుకు కూడా ఈ గడియారాలే ఆధారం. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మందిని చీకట్లో ముంచిన విద్యుత్ వైఫల్యంపై దర్యాప్తు జరిపినవారికి మొదట ఎదురైన చిక్కు ఇదే. వివిధ కేంద్రాల రికార్డులలో కాలం ఒకదానితో ఒకటి పొసగలేదు. ఏ లైను ముందు తెగిందో, ఏది ఆ తర్వాత తెగిందో తేల్చడానికే ఎంతో శ్రమ పడవలసి వచ్చింది. స్టాక్ ఎక్స్ఛేంజీలలోనూ ఒకే ధరకు వచ్చిన రెండు ఆర్డర్లలో ముందు వచ్చినదానికే ప్రాధాన్యం ఉంటుంది. ముందు వెనుకలు తేల్చేది గడియారమే.

పెట్టెలో ఏముంది?

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ఒక్కొక్క దానిలో అణు గడియారాలుంటాయి. వాటి సంకేతాల ఆధారంగా పెట్టెలోని రిసీవరు సెకనుకొక స్పందనను వెలువరిస్తుంది. ఈ స్పందన దీర్ఘకాలంలో ఎంతో నిక్కచ్చిగా ఉన్నా, ఒక్కొక్క సెకనును విడిగా చూస్తే కాస్త ముందూ వెనుకా ఊగుతుంటుంది. అమెరికా ప్రభుత్వం పౌర వినియోగదారుల సంకేతాలను కావాలనే చెడగొట్టిన రోజులలో, అంటే 2000 మే నెల మొదటివరకు, ఈ ఊగిసలాట మరింత ఎక్కువగా ఉండేది.

క్వార్ట్జ్ స్ఫటికం స్వభావం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అది క్షణక్షణానికీ స్థిరంగా కంపిస్తుంది కాని నెలలు గడిచేకొద్దీ మెల్లగా దారి తప్పుతుంది. ఈ రెండింటినీ జతచేసి ఒకదాని లోపాన్ని మరొకదానితో పూరించడమే ఈ గడియారం కిటుకు. స్ఫటికం ఎంత తప్పుతోందో ఉపగ్రహ స్పందనతో పోల్చి చూసి, ఒక చిన్న వోల్టేజి ద్వారా దాన్ని దారికి తెస్తుంటారు. దీన్ని నియంత్రణ వోల్టేజి అంటారు.

తంబూరా శ్రుతిని వింటూ గాయకుడు గొంతు సవరించుకోవడం వంటిదే ఇది. నడుమ తంబూరా ఆగిపోయినా మంచి గాయకుడు శ్రుతి చెదరకుండా కొంతసేపు పాడగలడు. ఉపగ్రహాలు అందకుండా పోయినప్పుడు గడియారం కూడా ఇలాగే ఒంటరిగా నడుస్తుంది. ఈ దశను 'హోల్డోవర్' అంటారు. ఎంతసేపు నిలబడగలదన్నది స్ఫటికం నాణ్యత మీదా, దాని చుట్టూ ఉన్న వేడి ఎంత నిలకడగా ఉందన్నదాని మీదా ఆధారపడి ఉంటుంది.

లెక్క సులభమే. స్ఫటికం వేగంలో వెయ్యి కోట్లలో ఒక వంతు తేడా వచ్చిందనుకుంటే గడియారం రోజుకు 8.64 మైక్రో సెకన్లు తప్పుతుంది. టవర్లకు అనుమతించిన 1.5 మైక్రో సెకన్ల హద్దు నాలుగు గంటల పది నిమిషాలలో దాటిపోతుంది. తేడా అందుకు పదిరెట్లయితే 25 నిమిషాలు చాలు. అందులో పదో వంతుకు తగ్గితే దాదాపు 42 గంటల వ్యవధి చిక్కుతుంది. మరమ్మతు సిబ్బందికి దొరికే సమయం 25 నిమిషాలా, 42 గంటలా అన్నది ఇలా నిర్ణయమవుతుంది.

అబద్ధం చెప్పే అలారాలు, నోరెత్తని అలారాలు

ఈ పెట్టెల హెచ్చరికలు సాధారణంగా రెండు తరగతులు. సేవకు వెంటనే భంగం లేనివి మైనర్, భంగం కలిగినవి లేదా కలగబోయేవి మేజర్. ఎక్కువగా కనిపించేది యాంటెన్నా హెచ్చరిక. మేడ మీది యాంటెన్నాలో చిన్న యాంప్లిఫయరు ఉంటుంది. దానికి కావలసిన కరెంటును పెట్టె అదే తీగ ద్వారా పంపుతుంది. కరెంటు బొత్తిగా పారకపోతే తీగ తెగిందనీ, మరీ ఎక్కువగా పారితే షార్ట్ అయిందనీ పెట్టె భావిస్తుంది.

ఇక్కడ రెండు విధాల పొరపాటుకు ఆస్కారం ఉంది. ఒకే యాంటెన్నాను రెండు మూడు పెట్టెలు పంచుకునేటట్లు స్ప్లిటరు అమర్చితే, యాంటెన్నాకు కరెంటును ఒక పెట్టె మాత్రమే ఇస్తుంది. మిగతావాటికి ఉపగ్రహాలు చక్కగా అందుతున్నా 'యాంటెన్నా తెగింది' అని గోల పెడతాయి. 5 వోల్టుల లైనుకు స్ప్లిటరు వద్ద సుమారు 200 ఓముల నిరోధకం తగిలిస్తే 25 మిల్లీ ఆంపియర్లు పారి ఆ గోల సద్దుమణుగుతుంది. కొందరు ఆ శ్రమకు బదులు అలారాన్నే కట్టివేస్తారు. అప్పుడు నిజంగా తీగ తెగిన రోజున చెప్పే దిక్కుండదు.

రెండోది ఇంకా గడ్డు సమస్య. వానాకాలంలో కనెక్టరులోకి నీరు చేరితే ఉపగ్రహ సంకేతం క్షీణించిపోతుంది. కాని కరెంటు మాత్రం ఎప్పటిలాగే పారుతుంటుంది. అందువల్ల యాంటెన్నా హెచ్చరిక రాదు. అందుతున్న ఉపగ్రహాల సంఖ్య, వాటి సంకేతాల బలం రోజురోజుకూ పడిపోతున్నాయేమో చూసినవారికే ఈ సంగతి తెలుస్తుంది. తన స్థానం ఖాయంగా తెలిసిన గడియారానికి కాలం చెప్పడానికి ఒక్క ఉపగ్రహం అందినా చాలు. కాబట్టి ఎనిమిది కాస్తా రెండుకు పడిపోయినా దీపం పచ్చగానే వెలుగుతుంటుంది.

ఉష్ణోగ్రత చెప్పే సాక్ష్యం

స్ఫటికం వేడికి చలిస్తుంది. అందుకే మేలురకం గడియారాలలో దాన్ని చిన్న కొలిమి వంటి గూటిలో పెట్టి, సాధారణంగా 70 నుంచి 90 డిగ్రీల మధ్య ఒకే వేడి దగ్గర నిలుపుతారు. బయటి వాతావరణం ఎలా ఉన్నా లోపలి వేడి మారకూడదన్నది ఉద్దేశం. అయితే ఆ గూడు వేడిచేయగలదే కాని చల్లబరచలేదు. చుట్టుపక్కల వేడి పెరుగుతూ గూటి వేడికి దగ్గరైతే దాని అదుపు సడలిపోతుంది.

తెరమీద కనిపించే ఉష్ణోగ్రత అంకెను అర్థం చేసుకోవడంలో చాలామంది పొరబడుతుంటారు. ఉష్ణమాపకం ఎక్కువ పెట్టెలలో గూటి లోపల ఉండదు, సర్క్యూట్ బోర్డు మీద ఉంటుంది. గది 28 డిగ్రీలున్నప్పుడు అది 45 చూపినా చెడిపోయినట్లు కాదు. లోపలి విడిభాగాల వేడి దానికి తోడవుతుంది. కొన్ని ఉష్ణమాపకాలు అర డిగ్రీ మెట్ల చొప్పున మాత్రమే లెక్కిస్తాయి. గ్రాఫులో వేడి హఠాత్తుగా ఎగిరినట్లు కనిపించినా నిజానికి అది ఒక మెట్టు మారడమే కావచ్చు. కరెంటు ఇచ్చిన తొలి గంటలలో గూడు వేడెక్కే వరకు వచ్చే హెచ్చరికలూ సహజమే. ఒక రోజు గడవనిదే తీర్పు చెప్పరాదు.

అసలు సమాచారం ఉష్ణోగ్రతను, నియంత్రణ వోల్టేజిని పక్కపక్కన పెట్టి చూస్తే దొరుకుతుంది. రెండూ పగలు పెరిగి రాత్రి తగ్గుతూ జంటగా ఊగుతుంటే దోషం వేడిది. ఏసీ గాలి నేరుగా పెట్టెకు తగులుతోందా, ఫ్యాను ఆగిందా అన్నది చూసుకోవాలి. ఏసీ ఆగి ఆగి నడుస్తున్నకొద్దీ గ్రాఫులో రంపపు పళ్ల వంటి గీతలు పడుతుంటాయి. ఉష్ణోగ్రత నిలకడగా ఉండి, వోల్టేజి నెలల తరబడి ఒకే వైపు జరుగుతుంటే అది స్ఫటికానికి వచ్చిన వార్ధక్యం. హద్దుకు చేరకముందే మార్చుకునే వ్యవధి ఉంటుంది. వేడి మారకుండానే వోల్టేజి ఒక్కసారిగా దూకితే స్ఫటికాన్నో, యాంటెన్నా వైపునో అనుమానించాలి.

వోల్టేజి హద్దు తాకడం అన్నిటికంటె తీవ్రమైన హెచ్చరిక. పగ్గం పూర్తిగా బిగించినా గుర్రం మాట వినడం లేదని దాని అర్థం. అటువంటప్పుడు చాలామంది చేసే పని పెట్టెను ఆపి మళ్లీ వేయడం. హెచ్చరిక కాసేపు పోవచ్చుగాని, స్ఫటికం వార్ధక్యం గురించి, వేడికి దాని చలనం గురించి గడియారం వారాలపాటు నేర్చుకున్న పాఠం అనేక నమూనాలలో దాంతోపాటే చెరిగిపోతుంది. హోల్డోవర్ దశలో గడియారానికి అక్కరకు వచ్చేది ఆ పాఠమే.

మన వేసవిలో ఈ లెక్కలకు ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోతే బ్యాటరీ మీద పెట్టె నడుస్తుందిగాని ఏసీ నడవదు. మూసిన గదిలో వేడి పెరుగుతుంది. అదే గాలివానలో పిడుగుపాటుకు యాంటెన్నా పోతే, గడియారం ఒంటరైన వేళకే దానికి అత్యంత అననుకూలమైన వేడి కూడా ఎదురవుతుంది. రెండు ప్రమాదాలు విడివిడిగా వస్తాయని వేసిన అంచనాలు ఇక్కడే తలకిందులవుతాయి.

ఇరవై ఏళ్లు వెనక్కి నడిచిన తేదీ

కొన్ని తప్పులకు వేడితోనూ యాంటెన్నాతోనూ నిమిత్తం లేదు. జీపీఎస్ సంకేతంలో వారాల లెక్క 1,024 వరకే సాగి మళ్లీ సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6న మరోసారి ఇలా జరిగింది. తయారీదారులు తమ సాఫ్ట్‌వేరులో వేరే ఆరంభ తేదీని పెట్టుకున్న చోట ఈ మలుపు మరో రోజున వస్తుంది. 'థండర్‌బోల్ట్' అనే ప్రసిద్ధ గడియారం 2017 జులై 30న తేదీని 1997 డిసెంబరు 14గా చూపింది. సెకన్ల లెక్క నిక్కచ్చిగా ఉంది, తేదీ మాత్రం దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి పోయింది. పెట్టె దృష్టిలో అంతా సవ్యమే కనుక హెచ్చరిక ఏదీ రాదు.

2016 జనవరి 26న, మనం గణతంత్ర దినోత్సవం జరుపుకుంటున్న రోజున, తప్పు ఆకాశం నుంచే వచ్చింది. ఎస్‌వీఎన్-23 అనే పాత ఉపగ్రహాన్ని సేవ నుంచి తప్పించే సందర్భంలో భూకేంద్రం నుంచి తప్పుడు సమాచారం చేరి, 15 ఉపగ్రహాలు అంతర్జాతీయ కాలాన్ని 13.7 మైక్రో సెకన్ల తేడాతో ప్రసారం చేశాయి. ఈ పరిస్థితి పన్నెండు గంటలకు పైగా కొనసాగింది. దారి చూపే సేవకు భంగం కలగలేదుగాని కాలం మీద ఆధారపడిన పరికరాలలో అనేక దేశాలలో అలారాలు మోగాయి. బ్రిటన్‌లో బీబీసీ డిజిటల్ రేడియో ప్రసారాలకు అంతరాయం కలిగింది. ఈ తేడా మన టవర్లకు అనుమతించిన హద్దుకు తొమ్మిది రెట్లు కావడం గమనార్హం.

కావాలని పంపే తప్పుడు సంకేతాల బెడద కూడా ఇప్పుడు తోడైంది. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయ పరిసరాలలో విమానాలకు నకిలీ జీపీఎస్ సంకేతాలు ఎదురైన మాట వాస్తవమేనని పౌర విమానయాన శాఖ మంత్రి కె.రామ్మోహన్ నాయుడు రాజ్యసభకు తెలిపారు. కాలం కోసం అవే సంకేతాలను నమ్ముకున్న గడియారాలకూ ఈ ప్రమాదం వర్తిస్తుంది. ఉపగ్రహం చెప్పిన మాటను తన స్ఫటికంతో పోల్చుకుని, పొంతన లేనప్పుడు దాన్ని తిరస్కరించి హెచ్చరించే గడియారమే ఇలాంటి వేళ కాపాడుతుంది.

సొంత కాలం కోసం

పరాయి ఉపగ్రహాల మీద ఆధారపడటం తగ్గించుకునేందుకు దేశంలో ప్రయత్నాలు లేకపోలేదు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ సమీపం నుంచే వెళుతుంది. ఆ కాలాన్ని అణు గడియారాలతో నిలిపి ఉంచే బాధ్యత ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. కంప్యూటర్ వ్యవస్థల గడియారాలను ఈ ప్రయోగశాల లేదా జాతీయ సమాచార కేంద్రం ఇచ్చే కాలంతో అనుసంధానించాలని కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. అహ్మదాబాద్, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాద్, గువాహటిలలోని ప్రాంతీయ ప్రామాణిక ప్రయోగశాలల ద్వారా ఈ కాలాన్ని దేశమంతటా అందించే పథకం చేపట్టారు. వాణిజ్య, అధికార వ్యవహారాలన్నిటికీ భారత ప్రామాణిక కాలాన్నే తప్పనిసరి చేసే నిబంధనల ముసాయిదాను కేంద్రం 2025 జనవరిలో ప్రజాభిప్రాయానికి విడుదల చేసింది.

సొంత ఉపగ్రహ వ్యవస్థ 'నావిక్' ప్రస్థానంలోనూ గడియారాలే పరీక్ష పెట్టాయి. 2013 జులైలో ప్రయోగించిన తొలి ఉపగ్రహంలోని మూడు రుబీడియం గడియారాలూ ఆగిపోయిన విషయం 2017 జనవరిలో వెల్లడైంది. అవి ఐరోపా నుంచి దిగుమతి చేసుకున్నవి. దాని స్థానంలో 2017 ఆగస్టు 31న పంపిన ఉపగ్రహం ఉష్ణకవచం విడిపోక విఫలమైంది. 2018 ఏప్రిల్ 12న మరొకటి కక్ష్యకు చేరింది. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01లో తొలిసారి స్వదేశీ రుబీడియం గడియారం ప్రయాణించింది. 2025 జనవరి 29న అక్కడి నుంచే జరిగిన నూరవ ప్రయోగంలో ఎన్‌వీఎస్-02 బయలుదేరినా, వాల్వు తెరుచుకోని కారణంగా నిర్ణీత కక్ష్యను అందుకోలేకపోయింది.

ఆకాశంలోని ఏర్పాట్లు స్థిరపడేందుకు ఏళ్లు పట్టవచ్చు. నేల మీద చేయవలసిన పనులకు పెద్ద ఖర్చు లేదు. ఉష్ణోగ్రత, నియంత్రణ వోల్టేజి, అందుతున్న ఉపగ్రహాల సంఖ్య ఈ మూడింటినీ రోజూ నమోదు చేయాలి. తప్పుడు అలారానికి కారణం వెదకి సరిచేయాలిగాని దాని నోరు నొక్కరాదు. హెచ్చరిక ఖాళీ గదిలో దీపంగా మిగిలిపోకుండా బాధ్యత గల మనిషికి చేరే ఏర్పాటుండాలి. వానాకాలానికి ముందు యాంటెన్నా కనెక్టర్లను విప్పి చూడాలి. ఏడాదికొకసారి, నడివేసవిలో, ప్రత్యామ్నాయ ఏర్పాటు చేసుకుని యాంటెన్నా తీగను కావాలనే ఊడదీసి, గడియారం ఎన్ని గంటలు నిలబడిందో రాసిపెట్టుకోవాలి. ఉపగ్రహాలు నిజంగా అందని రోజున మరమ్మతుకు ఎంత గడువుందో సిబ్బందికి ఆ అంకె ఒక్కటే చెబుతుంది.